నిచ్చెన పట్టిందెవరు?

ఉల్విక్, హర్దాంగర్
డిసెంబరు, మొదటి ఆదివారం

సిన్నోవె అక్కా,

ముందు కూర్చో. చేతిలో కాఫీ ఉంటే బల్ల మీద పెట్టు. నేను ఇల్లు కొనబోతున్నాను.

అదిగో, అప్పుడే కనుబొమలు ఎగరేశావు. బెర్గెన్‌లో మూడో అంతస్తులో ఉన్నా అవి నాకిక్కడికి కనిపిస్తున్నాయి. పూర్తిగా విని అప్పుడు తిట్టు.

నేనుంటున్న గదులు పోతున్నాయి. కింద కొట్టాయన కొడుక్కి పెళ్ళి కుదిరిందట, జూన్ కల్లా మేడ ఖాళీ చేయమన్నాడు. మర్యాదగానే అడిగాడులే. బాదం కేకు తెచ్చాడు. నేను రెండు ముక్కలు తినేదాకా ఆగి అసలు సంగతి చెప్పాడు. నోటి నిండా వాళ్ళ కేకు పెట్టుకుని వాళ్ళనే ఎలా తిట్టను?

సరిగ్గా అదే వారం గూరో ముసలమ్మ ఇల్లు అమ్మకానికొచ్చిందని తెలిసింది. నీకు గుర్తుండే ఉంటుంది, చర్చి దాటి పైకెళ్తే వాలు మీద తెల్ల ఇల్లు, పలకరాయి కప్పు. ముసలమ్మకి ఎనభై దాటాయి, వోస్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఇల్లు మన తాత కంటే పాతది. రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. మెట్లు ఎక్కుతుంటే ఒక్కో మెట్టు ఒక్కో రకంగా మూలుగుతుంది. కానీ వంటింటి కిటికీలోంచి ఫ్యోర్డ్ నీళ్ళు అవతలి కొండల దాకా మొత్తం కనిపిస్తాయక్కా. ఇన్నేళ్ళూ ఆ ఫెర్రీ మీద టిక్కెట్లు చింపుతూ నిలబడ్డాను. ఇక ఆ కిటికీలో కూర్చుని, ఇంకెవరో టిక్కెట్లు చింపుతుంటే ఫెర్రీ వెళ్ళడం చూడాలని ఉంది. ఇంత గట్టిగా నేను ఏదీ కోరుకోలేదు. పెరట్లో ఒక చెట్టు కూడా ఉంది.

ఇల్లు చూడ్డానికి నాకంటే ముందు రెండు బేరాలొచ్చాయి, ఒక పళ్ళ డాక్టరు, ఓస్లో నుంచి ఒక జంట. అందరినీ ముసలమ్మ వెనక్కి పంపేసింది. ఎందుకో ఎవరికీ తెలీదు. నేను వెళ్ళేసరికి చెట్టు కింద నిలబెట్టి, క్రిస్మస్ పండక్కి కాచిన బీరు కప్పు నిండా పోసి చేతికిచ్చింది. జునిపెర్ కొమ్మలేసి కాచిందట. ఒక్క గుక్క తాగాను. అక్కా, ఆ పులుపుకి నా నాలిక చుట్ట చుట్టుకుపోయింది. మింగలేను, ఉమ్మలేను. ఇంతలో పిల్లి అరిచిందని ముసలమ్మ తలుపు వైపు తిరిగింది. ఇదే సందని కప్పు మొత్తం చెట్టు మొదట్లో ఒంపేశాను. ఇటు తిరిగేసరికి ఆఖరి బొట్టు ఇంకా కారుతూనే ఉంది, ముసలమ్మ చూసేసింది.

నా పని అయిపోయిందనుకున్నాను. నా చేతిలోంచి కప్పు తీసుకుని, "ఇది నీకు ఎవరు నేర్పారే పిల్లా?" అంది.

"మా నాన్న, అవ్వా" అన్నాను. ఏదో ఒకటి అనాలిగా.

"ఆ పళ్ళాయన గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. ఆ ఓస్లో వాళ్ళు ఇంకో కప్పు కూడా అడిగారు. చెట్టుకి చుక్క పొయ్యాలని ఒక్కడికి తోచలేదు. ఇల్లు నీదే పో" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. పండగ బీరులో మొదటి కప్పు పెరటి చెట్టుకి పోయడం మన వైపు పాత అలవాటే కదా! నేను ఫెర్రీ ఎక్కాక అన్నీ మర్చిపోయాను. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. కిటికీ చూసి మూసుకున్నాను.

ఇప్పుడు నీతో పని. నాన్న పడవల కొట్టం మనిద్దరి పేరు మీద ఉంది కదా, అది కొంటామని ఒకాయన తిరుగుతున్నాడు. నువ్వు సంతకం పెడితే నాకు ఇల్లొస్తుంది. కాగితం ఇందులోనే పెట్టాను. ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో గుర్తు కూడా పెట్టాను.

చలి మొదలైంది. నువ్వు అల్లిన మఫ్లరే చుట్టుకుని తిరుగుతున్నాను, అదే, ఏడు రేకుల నక్షత్రం ఉన్నది.

సంతకం కోసం కాచుకుని,
రాగ్నా


బెర్గెన్
డిసెంబరు, పండక్కి ముందు

రాగ్నా,

ఏడు పేజీలు రాసి, చెట్టు గురించి ఒక్క ముక్క రాశావు. "పెరట్లో ఒక చెట్టు కూడా ఉంది" అట! ఆ చెట్టు ఫెర్రీ మీంచే కనిపిస్తుందే తల్లీ. ముందు చెట్టు కనిపిస్తుంది, తర్వాత దాని చంకలో ఇల్లు కనిపిస్తుంది. పెరట్లో కాదు, ఇంటి మూలకి అంటుకుని ఉంటుంది. మధ్యలో పిల్లి దూరే సందు కూడా ఉండదు.

ముప్పై ఏళ్ళు నేను బీమా ఆఫీసులో ఏం చేశానో నీకు తెలుసు. ఇళ్ళ ఫోటోలు చూశాను. చెట్టు పడిన కప్పులు, వేరు దూరిన గోడలు, పునాది పగిలి తలుపులు పట్టకుండా పోయిన ఇళ్ళు. ప్రతి ఇంటివాళ్ళూ ఒకే మాట రాసేవారు, "ఆ చెట్టు ఎప్పట్నుంచో అక్కడే ఉందండీ, ఏమీ చెయ్యలేదు." చెయ్యలేదు, చెయ్యలేదు, ఒక గాలివాన రోజు చేసింది.

సంతకం పెట్టను. నీ కాగితం భద్రంగా సొరుగులో ఉంది, నీ పెన్సిలు గుర్తుతో సహా.

నీకు ఇల్లు లేకపోవడం ఏమిటి? ఇక్కడ వెనక గది ఖాళీగా ఉంది. మా ఆయన లీఫ్ పోయాక అందులోకి ఎవరూ వెళ్ళింది లేదు. మొన్న కాస్త రంగు వేయించాను, లేత పసుపు. అది నీ కోసం వేయించింది కాదు, గోడ మాసిపోయిందని వేయించాను. నువ్వొస్తే మాత్రం సరిపోతుంది.

ఇక నక్షత్రం సంగతి. అది అల్లుతున్నప్పుడు నాకు జ్వరం. ఎనిమిదిలో ఒక రేకు తప్పింది. ఇన్నేళ్ళుగా ఎత్తిపొడుస్తూనే ఉన్నావు, మెడకి మాత్రం అదే చుట్టుకుంటావు.

ముసలమ్మని మోసం చేసి ఇల్లు కొట్టేసినందుకు సిగ్గుపడు. ఆ బీరు కథ చదివి పక్కింటావిడ వినేలా నవ్వాను, అది వేరే సంగతి.

సిన్నోవె


ఉల్విక్
జనవరి

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పసుపు రంగు గది గురించి చదివినప్పుడల్లా, అందులో నువ్వు నా దుప్పటి మడతలు సరిచేయడం కళ్ళకి కట్టింది. నన్ను చిన్నప్పుడు పెంచావు, చాలదా?

సరే, చెట్టు గురించి దాచకుండా చెప్తాను. అది ఆస్క్ చెట్టు. ఇద్దరు చేతులు చాపినా చుట్టూ అందదు. ఇంటి మూలకి ఆనుకునే ఉంది. నేలమాళిగలోకి ఒక వేరు వచ్చింది, నా తొడంత లావు. గూరో అవ్వ దానికి గొర్రె తొడ వేలాడదీసి ఎండబెడుతోంది. "ఇంతకంటే గట్టి కొక్కెం ఎక్కడ దొరుకుతుందే?" అంటుంది. పునాది రాయి ఒకటి ఆ వేరు మీదే కూర్చుని ఉంది. ఇల్లు చెట్టు మీద కూర్చుందో, చెట్టు ఇంటిని మోస్తోందో నాకైతే అర్థం కాలేదు. తలుపులు మాత్రం చక్కగా పడుతున్నాయి. అన్నీ తీసి వేసి చూశాను, నువ్వు అడుగుతావని.

దాని తల బాగా పెరిగిపోయిన మాట నిజమే. గాలి వేస్తే కప్పు మీద కొమ్మలు గోకుతాయి. "మా ఆయన పోయాక దీని తల దువ్వినవాళ్ళు లేరే" అంటుంది అవ్వ.

ఇంకొకటి కూడా చెప్పాలి. చెప్పకుండా ఉందామనుకున్నాను, కానీ నువ్వు ఎలాగూ పసిగడతావు. చెట్టు తీసేయనని అవ్వ నా దగ్గర మాట తీసుకుంది. "నేను బతికుండగా దాని మీద మొదలంటా గొడ్డలి పడిందో, వోస్ నుంచి నడుచుకుంటూ వచ్చి నీ వంటింట్లో కూర్చుంటా, లేవను" అంది. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి.

నువ్వు పెద్దదానివి, మనసు పెద్దది చేసుకో. కొట్టం కొనేవాడు ఈస్టర్ దాకానే ఆగుతానంటున్నాడు.

బతిమాలుకుంటూ,
రాగ్నా

మర్చిపోయాను. అవ్వ రోజూ బీరు ఇస్తోంది. చెట్టు బాగా తాగుతోంది.


బెర్గెన్
జనవరి చివర

రాగ్నా,

వేరుకి గొర్రె తొడ వేలాడదీసిన ఇల్లు కొనడానికి నా సంతకం అడుగుతున్నావు. మా ఆఫీసులో ఇలాంటి ఫైలు వస్తే అందరం కాఫీకి లేచి, నవ్వుకుని వచ్చి, "కుదరదు" అని ముద్ర కొట్టేవాళ్ళం.

నీ అవ్వ ఒక షరతు పెట్టింది కదా. నేనూ ఒకటి పెడతాను. ఆ చెట్టుని వదిలించుకో. ఉత్తరాల్లో నువ్వు ఏమైనా రాస్తావు, నేను నమ్మను. ఫోటో పంపు. ఇల్లు మొత్తం పడాలి, కప్పు పైన ఆకాశం తప్ప ఒక్క రెమ్మ కూడా కనపడకూడదు. ఫోటో లేకుండా నేను ఏ ఫైలూ మూసింది లేదు.

అది నీవల్ల కాదంటావా, చాలా మంచిది. వెనక గదికి కర్టెన్లు కుడుతున్నాను. నీలం చారలు. కిటికీలోంచి పక్క బిల్డింగు కనిపిస్తుంది. అందులో ఒకాయన రోజూ అకార్డియన్ వాయిస్తాడు, అంత ఘోరంగా ఏమీ ఉండదు.

మోకాళ్ళు బాగానే ఉన్నాయి. మెట్లు ఎక్కుతున్నప్పుడు తప్ప.

సిన్నోవె


ఉల్విక్
ఫిబ్రవరి

సిన్నోవె,

నువ్వు మనిషివి కాదు, బీమా కంపెనీవి.

రాగ్నా


ఉల్విక్
ఏప్రిల్, ఈస్టర్ ముందు

ప్రియమైన, ఎంతో ప్రియమైన అక్కా,

ఫిబ్రవరిలో రాసిన ఉత్తరం మర్చిపో. ఆ రోజు పంటి నొప్పి.

నీ మాట కాదనలేక చెట్టు పని చేయించాను. ఫోటో ఇదిగో. కప్పు మొత్తం కనిపిస్తోందా? పైన ఆకాశం కనిపిస్తోందా? ఒక్క రెమ్మ ఉందేమో చూడు. కావాలంటే భూతద్దం పెట్టుకుని చూడు. మూల దగ్గర నల్లగా, లావుగా మిగిలిందే, అది ఒట్టి మోడు. దాన్ని తవ్వితే పునాది రాయి కదులుతుంది కాబట్టి అలాగే వదిలేశాం. నువ్వు కూడా అలాగే చెప్పేదానివి.

నేనేమీ ముట్టుకోలేదు. గ్రాన్విన్ నుంచి ఒక మనిషిని పిలిపించాను. పెద్ద ముక్కు, పెద్ద రంపం, మాట తక్కువ. రెండు పూటల్లో పని ముగించి వెళ్ళిపోయాడు.

గూరో అవ్వ ఏమందని అడుగుతావేమో. గొడవేమీ చేయలేదు. వాకిట్లో కుర్చీ వేసుకుని, ఒంటి నిండా దుప్పటి కప్పుకుని అంతా చూసింది. మధ్యమధ్యలో కేకలేసింది కూడా. "ఆ కొమ్మ కాదే మొద్దు! దాని పక్కది! అదీ!" అంటూ కర్ర ఊపింది. ఆ మనిషిని అంది, నన్ను కాదు. పెద్దవాళ్ళు కదా, వాళ్ళ కోపం ఎప్పుడు ఎటు తిరుగుతుందో చెప్పలేం.

మే మొదటికల్లా ఆవిడ వోస్ వెళ్ళిపోతుంది. కొట్టం కొనేవాడిని ఇంకో నెల ఆగమని బతిమాలుకున్నాను. సొరుగు తియ్యి అక్కా. పెన్సిలు గుర్తు చెరిగిపోయి ఉంటే కింద కుడివైపు.

నీ మాట జవదాటని,
రాగ్నా


బెర్గెన్
మే

రాగ్నా,

సంతకం పెట్టాను. కాగితం ఇందులోనే ఉంది.

ఫోటో అందింది. శుభ్రంగా ఉంది. ఆకాశం బాగా పడింది.

రెండు చిన్న ప్రశ్నలు, అలవాటు కొద్దీ అడుగుతున్నాను. ఆ గ్రాన్విన్ మనిషి పేరేమిటి? అతను పైకెక్కినప్పుడు నిచ్చెన పట్టిందెవరు?

సిన్నోవె


ఉల్విక్, నా ఇంటి నుంచి
జూన్ మధ్యలో

అక్కా! అక్కా! అక్కా!

ఈ ఉత్తరం ఆ కిటికీ దగ్గరే రాస్తున్నాను. ఇప్పుడే ఫెర్రీ వెళ్ళింది. టిక్కెట్లు చింపే కొత్త కుర్రదానికి చెయ్యి ఊపాను, అది నన్ను చూసి నాలిక బయటపెట్టింది. నాకు ఎంత బాగుందో చెప్పలేను. సామాను సర్దడం అయింది. మూలిగే మెట్లలో ఏది ఏ రకంగా మూలుగుతుందో కూడా కంఠతా వచ్చింది.

ఇక నువ్వు కోప్పడడానికి సిద్ధపడు. సంతకం అయిపోయింది, రిజిస్టరు అయిపోయింది, ఇప్పుడు నువ్వు ఎంత కోప్పడ్డా కొట్టం వెనక్కి రాదు. కాబట్టి నిజం చెప్పేస్తున్నాను.

చెట్టు బతికే ఉంది!

మోడు అన్నానే, ఆ మోడు నెత్తి మీద మొన్నటి నుంచి చిగుళ్ళు. బొటనవేలంత మొగ్గలు మొదట నల్లగా ఉండి, ఒక్క వారంలో విచ్చుకుని, ఇప్పుడు చూస్తే చిన్నపిల్ల జుట్టులా నాలుగు పక్కలా నిక్కబొడుచుకుని లేచింది. నేను చేయించింది ఏమిటో తెలుసా? నాన్న చేసేది గుర్తుందా నీకు, గొర్రెల కోసం మండలు కొట్టడం? చెట్టు నెత్తి మీద పిడికిళ్ళలా కణుపులుంటాయి, వాటి పైదాకానే కోసి, కణుపుల్ని మాత్రం ముట్టుకోకుండా వదిలేయాలి. ఐదారేళ్ళకి ఒకసారి అలా కొడితే ఆస్క్ చెట్టు మనవల మనవల దాకా బతుకుతుంది, బరువెక్కి ఇంటి మీద పడదు. గూరో అవ్వ మొగుడు పోయాక అది ఎవరూ చేయలేదు, అందుకే తల అంత పెరిగి గాలికి ఊగి కప్పుని గోకింది. అవ్వకి ఈ మాట చెప్పగానే ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఇన్నేళ్ళకి దీనికి మంచి రోజులొచ్చాయి" అని ఏడ్చింది కూడా. అందుకే కుర్చీ వేసుకుని కూర్చుంది.

నువ్వు బెర్గెన్‌లో నలభై ఏళ్ళుగా దీపస్తంభాలు తప్ప చెట్టు చూసి ఎరగవు, మర్చిపోయి ఉంటావని పందెం వేసుకున్నాను, నాతో నేనే. గెలిచాను. ముప్పై ఏళ్ళు ఫోటోల్లో అబద్ధాలు పట్టుకున్న సిన్నోవెని ఒక్క ఫోటోతో బోల్తా కొట్టించాను! ఇది నా సమాధి రాయి మీద చెక్కించుకుంటాను.

కొట్టిన కొమ్మలు కట్టలు కట్టి పక్కింటి మేకలకి వేశాం. అవి నన్ను చూస్తే ఇప్పుడు బంధువులా పలకరిస్తున్నాయి. అవ్వ వెళ్తూ వెళ్తూ బీరు కాచే కుండ నాకు ఇచ్చి వెళ్ళింది, ఎలా కాచాలో కూడా చెప్పింది. పండక్కి కాస్తాను. చెట్టు కోసం.

నీ రెండు ప్రశ్నలకి జవాబు. ఆ మనిషి పేరు అడగడం మర్చిపోయాను. నిచ్చెన పట్టిందేమో ఒక బలమైన మనిషి, ఊళ్ళోవాడే, నువ్వు ఎరగవు.

కోపం తగ్గాక ఉత్తరం రాయి. తగ్గకపోయినా రాయి.

గెలిచిన నీ చెల్లెలు,
రాగ్నా


బెర్గెన్
జూన్ చివర

రాగ్నా,

సమాధి రాయి వాడికి ఇంకా బయానా ఇచ్చి ఉండకపోతే ఇవ్వకు.

నువ్వు భూతద్దం పెట్టుకుని చూడమన్నావు. పెట్టుకుని చూశాను. పదవీ విరమణ రోజు ఆఫీసు వాళ్ళు గడియారం ఇస్తామంటే వద్దని ఆ భూతద్దమే అడిగి తెచ్చుకున్నాను, నీకు చెప్పలేదులే. చెట్టు నెత్తి మీద పిడికిళ్ళు కనిపించాయి. వాటి పైదాకా కోసిన కోతలు కనిపించాయి, ఒక్క కణుపు కూడా దెబ్బ తినలేదు. నాన్న కొట్టిన మండలు ఇంటికి మోసింది ఎవరనుకున్నావు? నువ్వు గట్టు మీద కూర్చుని అరుస్తుండేదానివి, వీపు మీద వేసుకుని మోసింది నేను. ఆకుల వాసన జడలో వారం దాకా ఉండేది. అది మర్చిపోతానా?

చెట్టు చావలేదని ఫోటో చూసిన మొదటి నిమిషంలోనే తెలిసింది. తెలిసే సంతకం పెట్టాను.

నిజానికి నువ్వు దాన్ని మొదలంటా తీసేసి ఉంటే సంతకం పెట్టేదాన్ని కాదు. పునాది రాయి కూర్చున్న వేరు కుళ్ళితే గోడ ఏమవుతుందో నా ఫైళ్ళ నిండా ఉంది. మరి తీసేయమని ఎందుకు పట్టుబట్టానంటావా? నువ్వు తీయలేవని తెలుసు కాబట్టి. ముసలమ్మకిచ్చిన మాట నువ్వు తప్పవు, తప్పకపోతే నాకు ఫోటో రాదు, ఫోటో రాకపోతే ఇల్లు రాదు. ఒకవేళ తప్పి తీసేశావే అనుకో, అప్పుడు వేరు కుళ్ళుతుందని చెప్పి సంతకం ఎగ్గొట్టేదాన్ని. ఎటు తిరిగినా నువ్వు వచ్చి నా వెనక గదిలో పడాలని లెక్క వేసుకున్నాను. గోడ మాసిపోయిందని రంగు వేయించలేదు రాగ్నా. నువ్వు రావాలని వేయించాను. ఇక్కడ సాయంత్రాలు నాకు బాగుండడం లేదు. ఆ అకార్డియన్ ఆయన ఊరెళ్ళిన వారం, ఆయన ఎప్పుడొస్తాడా అని ఎదురుచూశాను. నా బతుకు ఎక్కడికి వచ్చిందో అర్థం చేసుకో.

మరి లెక్క అంత బాగా కుదిరితే మనసెందుకు మార్చుకున్నానో కూడా చెప్తాను.

భూతద్దం కొంచెం కిందికి జరిపాను. ఇంటి మూలకి ఇంకా నిచ్చెన ఆనించే ఉంది, తీయడం మర్చిపోయి ఫోటో తీశావు. నిచ్చెన కింద మనిషి లేడు. నిచ్చెన కాలిని కంచె గుంజకి ఒక మఫ్లరుతో కట్టేసి ఉంది. మఫ్లరు మీద నక్షత్రాలు. చివరి నక్షత్రానికి రేకులు లెక్కపెట్టాను. ఏడు.

ప్రపంచంలో ఏడు రేకుల నక్షత్రం ఒకటే ఉంది. దాన్ని అల్లింది నేను, చుట్టుకునేది నువ్వు. గ్రాన్విన్ వాడు లేడు, పెద్ద ముక్కూ లేదు. "కొమ్మ కాదే మొద్దు" అని అవ్వ తిట్టింది నిన్నే. నిచ్చెన ఎవరు పట్టారని అందుకే అడిగాను, ఇప్పటికైనా చెప్తావేమోనని. "బలమైన మనిషి" అని రాశావు. నా అల్లిక అంత బలమైనదని నాకు తెలీదు.

నవ్వొచ్చిందనుకుంటున్నావా? ఆ నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టాను. అరవై మూడేళ్ళ మనిషివి, చేతిలో రంపం, కింద పట్టుకోవడానికి ఒక్కరు లేరు. కాలు జారి ఉంటే? ఆ అవ్వ దుప్పటి తీసి కుర్చీలోంచి లేచేలోగా అంతా అయిపోయేది. నాకు ఆ ఫోటోకి బదులు ఎవరో ఉత్తరం రాసేవారు, నువ్వు కాదు. నువ్వు అక్కడ నిచ్చెన మీద ఉంటే, నేను ఇక్కడ నీలం చారల కర్టెన్లు కుట్టుకుంటూ, నువ్వు ఓడిపోవాలని కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. వెంటనే సొరుగు తీశాను. నీ పెన్సిలు గుర్తు చెరగలేదు.

ఆ రోజే కిందికి దిగి, ఇల్లు ఖాళీ చేస్తున్నానని ఇంటివాళ్ళకి చెప్పేశాను. నిన్ను అడగలేదు. సంతకం పెట్టిన మనిషిని, నాకూ కొంచెం అధికారం ఉంది. చెట్టు వైపు గది నాది. కిటికీ కొలతలు రాసి పంపు, కర్టెన్లు ఎలాగూ కుట్టి ఉన్నాయి, పొడవు సరిచేస్తాను. జూలై రెండో శనివారం ఫెర్రీకి వస్తున్నాను. నాలిక బయటపెట్టే ఆ పిల్లకి చెప్పి ఉంచు, నాకు టిక్కెట్టు చింపేటప్పుడు అలాంటివి కుదరవు.

నీ దుప్పటి మడతలు సరిచేస్తాను. అరిచినా సరే చేస్తాను. పండక్కి నువ్వు కాచే బీరులో నా కప్పు కూడా చెట్టుకే పోద్దువుగాని. మఫ్లరు ఉతికి పెట్టు, ఆ ఎనిమిదో రేకు ఇప్పటికైనా కుట్టేస్తాను.

చెట్టుకి మళ్ళీ మండలు కొట్టేసరికి ఆరేళ్ళు పడుతుంది కదా. అప్పటికి నీకు అరవై తొమ్మిది, నాకు డెబ్బై నాలుగు. నువ్వే ఎక్కు, ఎవరు చెప్పినా ఎలాగూ వినవు. నిచ్చెన మాత్రం నేను పట్టుకుంటాను.

సిన్నోవె